ఖాళీ కుర్చీకి పలకరింపులు

మా అపార్ట్‌మెంటు వాచ్‌మన్ వాల్దెమార్ ఇరవై రెండేళ్ళుగా కింద హాల్లో ఒకే కుర్చీలో కూర్చుంటున్నాడు. చంకలో వేడినీళ్ళ ఫ్లాస్కు, ఒళ్ళో మాతే బుర్ర, అంటే గొట్టంతో పీల్చే ఆకుటీ పోసుకునే సొరకాయ బుర్ర. మా మోంతెవిదేయో నగరంలో అదేమీ వింత కాదు. వింతల్లా ఆ మనిషి కదలకపోవడమే. మాతే అడిగితే ఇస్తాడు గానీ, వంగి బుర్ర అందుకోవాల్సింది మనమే.

మేనేజరు ఎచెవెర్రీ ఈ మధ్య కెమెరాకి కొత్త యంత్రం తగిలించాడు. రోజంతా తీసిన వీడియోని అది తొమ్మిది నిమిషాలకు కుదిస్తుంది. ముందే తీసి పెట్టుకున్న ఖాళీ హాలు ఫోటో మీద, ఆ రోజు కదిలినవాటిని మాత్రం కోసి అతికిస్తుంది. ఆ ఫోటో తీసింది ఆదివారం, వాల్దెమార్ సెలవురోజు.

నెల తిరక్కుండా అందరికీ చీటీ వచ్చింది. వాచ్‌మన్ ఒక్కరోజు కూడా డ్యూటీలో కనబడలేదట. తీసెయ్యడానికి శనివారం ఉదయం ఓటింగట.

నాకు ఒళ్ళు మండిపోయింది. ముప్ఫై ఏళ్ళు బళ్ళో లెక్కలు చెప్పినదాన్ని, ఊరుకునే రకం కాదు. కిందికి దిగి ముందు వాల్దెమార్‌నే దులిపాను.

"ఉద్యోగం ఊడేట్టుంది, నువ్వేమో ఇలా బిగుసుక్కూర్చున్నావు. మనుషులు పలకరిస్తే కాస్త చెయ్యైనా ఊపవేమయ్యా?"

"కనుబొమ్మలు ఎగరేస్తున్నానుగా అమ్మా."

"అవి యంత్రానికి ఆనవు."

"అరవై రెండేళ్ళొచ్చాయి, ఇప్పుడు నన్నింకెవరు పెట్టుకుంటారమ్మా," అన్నాడు. అది చెప్పేటప్పుడు కూడా కదల్లేదు.

శనివారం అందరం హాల్లో చేరాం. ఎచెవెర్రీ ముందు రోజు వీడియోని టీవీలో వేశాడు. కుర్చీ ఖాళీ. మూడో అంతస్తు పళ్ళ డాక్టరు వచ్చి ఖాళీ కుర్చీకి చెయ్యెత్తాడు. కుక్కను వెంటేసుకు తిరిగే ఆవిడ కుర్చీతో రెండు నిమిషాలు కబుర్లాడింది, కుక్క తోకాడించింది. కొత్తగా పెళ్ళయిన జంట కుర్చీకేదో జోకు చెప్పి తామే నవ్వుకున్నారు. అప్పుడు ఎచెవెర్రీ వచ్చాడు. వంగాడు. కుర్చీలోంచి మాతే బుర్ర దానంతటదే లేచి అతని చేతిలోకొచ్చింది. తృప్తిగా పీల్చి, తిరిగి ఖాళీలో పెట్టాడు.



"ఎవరి మాతే అండీ తాగుతున్నారు?" అని అడిగాను.

"వాల్దెమార్‌ది," అన్నాడు ఎచెవెర్రీ.

"డ్యూటీకి రాని వాల్దెమార్‌దేనా?"

అతను మెడ గోక్కున్నాడు. ఓటింగులో అన్ని చేతులూ వాల్దెమార్ వైపే లేచాయి, ఎచెవెర్రీదీ లేచింది. నేను గెలిచిన సంబరంలో ఉన్నాను. "ఇంకోసారి వెయ్యండి, చూద్దాం," అన్నాను.

రెండోసారి నన్ను నేను వెతుక్కున్నాను. నాలుగుసార్లు కనిపించాను: సంచీతో, సంచీ లేకుండా, గొడుగుతో, ఉత్తరాలతో. ఒక్కసారి కూడా నా తల కుర్చీ వైపు తిరగలేదు. నలభై ఇళ్ళవాళ్ళలో అలా వెళ్ళింది నేనొక్కదాన్నే.

వెనక్కి తిరిగాను. వాల్దెమార్ తన కుర్చీలోంచే టీవీ చూస్తున్నాడు.

"రోజూ ఇంతేనా నేను?" అన్నాను.

"పిల్లల పరీక్ష పేపర్లు దిద్దాలన్న తొందరేమో అనుకునేవాణ్ణమ్మా."

నేను రిటైరై తొమ్మిదేళ్ళయింది.