కమురు వాసన

సమోవాలో ఆదివారం ఆరాధన ముగిశాక సినాలేయి పొయ్యిగుంట మీది ఆకులు తీసి, ఇంకా సెగలు కక్కుతున్న రాళ్లను పక్కకు దొర్లించింది. పందిమాంసంలో కొవ్వున్న ముక్క ఎప్పటిలాగే పాస్టరు ఎలెకానా అయ్యగారిదే. ఆయన చెప్పులు లేకుండా వచ్చి నిలబడ్డారు.

"ఇది మీకు పెట్టొద్దంది నర్సు. కాళ్లు మొద్దుబారాయంటే షుగరు ముదిరినట్టేనట," అంది సినాలేయి, ఆ ముక్కే అరిటాకులో పెడుతూ.

"ఒళ్లు మట్టేనమ్మా. ఆత్మ బాగుంటే చాలు. దైవసేవకుడి తిండికి నర్సు అడ్డమా? పద, ప్రార్థన చేద్దాం."

అయ్యగారి ప్రార్థన ఒక పట్టాన తెమలదు. మధ్యలో కమురు వాసన వచ్చింది. పంది తోలు మాడిపోతోందనుకుని, తనను తాను తిట్టుకుంటూ సినాలేయి ఒక కన్ను తెరిచింది. మాంసం ఆకులో నిక్షేపంగా ఉంది.

మాడుతున్నది అయ్యగారి మడమ. దాన్ని రాయి మీద మోపి, పొగ లేస్తున్నా, ప్రశాంతంగా దేవుడికి కృతజ్ఞతలు చెబుతున్నారు.

ఆమె రెండు చేతులా పట్టుకుని ఆయన్ని ఇవతలికి లాగింది.

"ప్రార్థన మధ్యలో ఏమిటమ్మా ఇది?" విసుక్కున్నారాయన. "ముందు నీ వంట చూసుకో. ఏదో మాడుతోంది."