వేయిమందికి తిండి పెట్టేవాడు

అయితే పుస్తకంలోని ఆ టాటారు నాయకుడు ఎవరికీ పెట్టకుండా దాచుకుందామన్నా పశువుల్ని ఏ పెట్టెలో దాస్తాడు, కొనడానికి అద్దాలూ పట్టుబట్టలూ లేని చోట మంద పెరిగితే వేయిమందికి తిండి పెట్టడం తప్ప ఏం చేయలేడనీ, తిన్నవాళ్లు ఆయన మాట జవదాటలేరనీ, అరబ్బుల్లోనూ అంతేననీ రాశారు ఆ పాత పండితులు, ఎక్కడో సముద్రాల అవతల కూర్చుని, మా గడ్డి వాసన కూడా తెలియకుండా ఇదంతా ఎలా ఊహించారో, కజాన్ పట్టణంలో అచ్చయిన ఈ పుస్తకం కూడబలుక్కుని చదువుతుంటే వింతగా ఉంది, నా భర్త బతికున్నప్పుడు చుట్టూ గుడారాలన్నీ మా పాలే తాగేవి, ఆయన మాట వినేది అందుకేనా, అదిగో బల్జాన్, నా చిన్న తోడికోడలు, వసంతంలో పాలకని నేనిచ్చిన ఆడగుర్రాన్ని నడిపించుకొస్తోంది, గుర్రప్పిల్ల వెనకాలే, చలికాలం ముందు తిప్పి ఇవ్వడం రివాజే, కానీ గడ్డి ఇంకా ఎండలేదే, ఎందుకింత తొందర.

అక్కా, గుర్రం పళ్లు చూసుకో, తర్వాత ముసలిదాన్ని అంటగట్టానని అందరికీ చెప్పకు, అని నవ్వి, రేపు మా అన్నవాళ్లు ఇలీ నది వైపు పోతున్నారు, ఇక్కడి మేతంతా వలస రైతుల నాగళ్ల కిందికి పోయింది, గుర్రాన్ని ఇస్తే మేమూ పోతాం, వద్దంటే ఆగిపోతాం, పాలు లేకుండా పసివాళ్లతో అంత దారి ఎలా, అంది, నా అక్కచెల్లెళ్లు ఒక్కొక్కరూ ఇలాగే ఒంటె మీంచి చెయ్యూపి కొండల వెనక్కి పోయారు, మళ్లీ ఒక్కరి ముఖమూ చూడలేదు, పుస్తకం అందుకున్నాను, ఒసేయ్, గడ్డిమైదానాల వాళ్లం, మనల్ని కూడా టాటార్లంటున్నారే, అన్నాను, టీ అమ్మే ఆ టాటారు వర్తకుడు వింటే ఈ పూట తిండి ముట్టడు, అంది బల్జాన్, అయినా అక్కా, వేయిమందికి పెట్టేవాడి ఇంట్లో వండేదెవరో రాశారా, లేదూ, చూశావా, మన సంగతి పండితులకెందుకు.

వద్దంటే చాలు, ఆగిపోతుంది, వాళ్లు రాసింది నిజమైపోతుంది, నిజమేనా, ఈ వేసవంతా ఎవరు ఎవరికోసం చూశారు, బల్జాన్ పులిసిన గుర్రప్పాల కుమిస్ పట్టుకురాని పూట గుడారం తెర ఎత్తి ఎత్తి చూసింది నేను, నా భర్త మాత్రం, ఎవరైనా ముఖం చాటేస్తే ఆ రాత్రి నిద్రపోయేవాడా, పొద్దున్నే గొర్రెను కోయించి కబురు పంపేవాడు, పెట్టేవాడి గుండెల్లోని ఈ గుబులు ఆ పండితులకెలా తెలుస్తుంది, పశువును పూర్తిగా ఇచ్చేసినప్పుడు తలతాడు ఉంచుకుంటాం, ఇంటి భాగ్యం దాంతో పోకూడదని, గుర్రం తలతాడు ముడి విప్పాను, అక్కా, ఇదేంటక్కా, అంటోంది బల్జాన్, నీ తాడు వేసుకుని తోలుకుపోవే తల్లీ, పిల్లలకి పాలుండాలి, ఇన్నాళ్లూ తిన్నవాళ్లకి లొంగి బతికింది పెట్టిన మేమే.