మోకు వదిలిన చెయ్యి

కూలిన డేరా స్తంభం కింద నుంచి మోకువాడిని బయటకు లాగేసరికే ప్రాణం పోయింది. చప్పట్లు కొడుతున్న జనం ఎక్కడివాళ్ళక్కడ నిలబడిపోయారు. సర్కస్ యజమాని మాత్రం అక్కడికక్కడే తీర్పు చెప్పేశాడు.

"తాగొచ్చాడు. వాడి చావు వాడే తెచ్చుకున్నాడు."

పక్కనే ఉన్న వస్తాదు నోరు మెదపలేదు. సముద్రం దాటి వచ్చిన మనిషి. ఇనుప కమ్మీలు వంచే ఆ కండలన్నీ యజమాని ముందు నీరుగారిపోయేవి. అతని ప్రయాణం కాగితాలు ఆయన ఇనప్పెట్టెలో ఉన్నాయి మరి!

డేరా నడిమి స్తంభం లేపడం పన్నెండు మంది మోకువాళ్ళ పని. ఒకే మోకు, మేస్త్రీ కేక, అందరి చేతులూ ఒక్కసారి. ఈ ఊళ్ళో యజమాని కొత్తగా కప్పీలు బిగించి, "వస్తాదు ఒక్కడే లేపుతాడు, వచ్చి చూడండి" అని మైకులో ఊదరగొట్టించాడు. తమాషా కుదిరితే మోకువాళ్ళందరికీ ఉద్వాసనే. ఆ సంగతి వస్తాదుకు తెలుసు. తెలిసే మోకు పట్టుకున్నాడు. ఆ పొద్దున స్తంభం మొదలును గుంటలో సర్దడానికి ఒక్క మోకువాడిని మాత్రం రానిచ్చారు. స్తంభం లేచింది, చప్పట్లు మోగాయి. చప్పట్లు వినపడితే కుడిచెయ్యెత్తి జనానికి సలాం చెయ్యడం వస్తాదుకు ఏళ్ళనాటి అలవాటు. ఆ చెయ్యి దానంతటదే లేచింది. మోకు జారింది.

సాయంత్రం గుర్రాల పాక వెనక అందరూ చేరారు. చనిపోయినవాడి భార్య, ఆటగాళ్ళ బట్టలు కుట్టే అక్క, ఓ మూల కూర్చుని ఉంది. కాపురముంటున్న సర్కస్ బండిని తెల్లారేసరికి ఖాళీ చెయ్యమని ఆమెకు యజమాని కబురొచ్చింది. ఆ పొద్దున వస్తాదు చొక్కాకు కుట్టు వేసిచ్చింది ఆమే. ఆ కుట్టు వీపు మీద గుచ్చుకుంటున్నట్టే ఉంది అతనికి.

"వాడు చుక్క ముట్టి ఎరగడు!" అని ఒకడు అరిచాడు.

"తాగలేదు," అన్నాడు వస్తాదు లేచి. "చప్పట్లకు నేనే చెయ్యెత్తాను. నేనే చంపాను."

జోకర్ ఒక్క ఉదుటున వచ్చి అతని చొక్కా పట్టుకున్నాడు. అతని నడుం దాకా కూడా రాడు, అయినా ఊపేశాడు. "ఇప్పుడా చెప్పేది? పొద్దున నీ నోరేమైందిరా?"



మేస్త్రీ విడదీశాడు. "తప్పు నీదే. కాదని నేననను. కానీ మేమందరం పట్టుకుని ఉంటే, ఒకడి చెయ్యి జారినా మిగతావాళ్ళం ఆపేవాళ్ళం కదా! మమ్మల్ని పక్కన నిలబెట్టిందెవరు? రేపు ఆ డేరా మళ్ళీ నీ ఒక్కడితో లేచిందంటే, ఈ అక్కా రోడ్డు మీదే, మేమూ రోడ్డు మీదే."

"నన్ను క్షమించు అక్కా," అన్నాడు వస్తాదు.

"అది నన్నడక్కు," అందామె తల తిప్పకుండానే. "రేపు మోకు పట్టకు."

మర్నాడు మైదానం జనంతో కిటకిటలాడింది. యజమాని మోకు కొస తెచ్చి వస్తాదు చేతిలో పెట్టబోయాడు. వస్తాదు చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

"పట్టుకోరా! లేకపోతే సాయంత్రానికి మీ దేశానికి ఓడెక్కిస్తా."

"ఎక్కించండి అయ్యగారూ. కానీ వాడు తాగలేదు. మోకు నా చేతిలోంచి జారింది. ఒక్కడి చేతిలో పెట్టింది మీరు." జనం వైపు తిరిగి అదే మాట గొంతు చించుకుని చెప్పాడు.

పోలీసులు రావడానికి ఎంతోసేపు పట్టలేదు. అడిగే దిక్కులేని పరాయి దేశంవాడు, పైగా చావుకు కారణం తానేనని ఒప్పుకుంటున్నాడు. వాళ్ళకు ఇంతకంటే సుఖమైన కేసేముంటుంది? బేడీలు వేశారు. యజమాని మోకువాళ్ళ మీద విరుచుకుపడ్డాడు. "చూస్తారేంరా, లాగండి!" మేస్త్రీ వెళ్ళి మోకు మీద కూర్చున్నాడు. పక్కన మోకువాళ్ళు, తర్వాత జోకర్. చివర ఖాళీగా మిగిలిన మొగుడి చోట్లో అక్క కూర్చుంది.

జనంలో ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. మైదానమంతా మోగింది.

వ్యాను ఎక్కుతున్న వస్తాదు కుడిచెయ్యి అలవాటుగా కదిలింది. అతను దాన్ని బలవంతాన కిందికి అణుచుకున్నాడు. ఆ చప్పట్లు తనకు చెందవని అతనికి తెలుసు. తల మాత్రం తిప్పి చూశాడు.

మోకు మీద కూర్చున్నవాళ్ళందరి చేతులూ మోకు ముట్టకుండా అతని వైపు పైకి లేచి ఉన్నాయి. అక్కది కూడా. స్తంభం నేల మీదే ఉంది.