మా ఇంట్ల ఎవరూ అప్లై చెయ్యలే

అఖిల ఎం.ఏ.కి అప్లై చేసిన సంగతి ఇంట్లోవాళ్ళకు తప్ప బయట పురుగుకు కూడా తెలియదు. తెలియనివ్వలేదు వాళ్ళమ్మ వసంత. సీటొస్తే వేములవాడ రాజన్నకు కోడెను కడతానని మొక్కుకుని, ఎవరి చెవినా వెయ్యనని అటు భర్త స్వామి చేతా, ఇటు కూతురు చేతా ఒట్టు వేయించుకుంది.

"నీ దోస్తులకు గూడ చెప్పకు బిడ్డా. సీటు చేతికొచ్చినంక గల్లీ అంత చెప్పుకుందాం."

"పరీక్ష రాసి తెచ్చుకునే సీటమ్మా గిది. దీనికి దిష్టికి ఏం సంబంధమే?"

"ఇంటర్ మార్కులప్పుడు ఏమైందో మర్శిపోయినవా?"

అఖిల మర్చిపోలేదు. ఇంటర్‌లో ఆమెకు మంచి మార్కులొస్తే బోరబండలో వాళ్ళుండే గల్లీ పొడుగునా వసంత లడ్డూలు పంచింది. వారం తిరక్కముందే పిల్లకు టైఫాయిడ్ వచ్చి దవాఖాన పాలైంది. నీళ్ళ వల్ల వచ్చిందన్నాడు డాక్టరు. ఆ నీళ్ళే గల్లీలో అందరూ తాగారు కదా, నా బిడ్డకే ఎందుకొచ్చిందని వసంత అడిగింది. దానికి డాక్టరు జవాబు చెప్పలేదు. జవాబు లేని చోటనే కదా మనం దేవుణ్ణి కూర్చోబెడతాం. ఆయన పక్కనే దిష్టికి కూడా ఒక పీట ఎందుకు వేస్తామో ఆలోచించం.

వసంత మాదాపూర్‌లో ఒక అద్దాల బిల్డింగులో హౌస్‌కీపింగ్ పని చేస్తుంది. ఆమెతో పాటు రుక్కమ్మ ఉంటుంది. రుక్కమ్మది చెడ్డ మనసేమీ కాదు. ఆకలేస్తే తన డబ్బాలో సగం పెట్టే మనిషి. కానీ ఆమె కళ్ళు మంచివి కావని పేరు పడిపోయింది. "రుక్కమ్మ బాగుందన్నదంటే కొత్త చీరె గూడ చిరుగుతది" అని తోటివాళ్ళు నవ్వుకునేవాళ్ళు. ఆమె కూడా ఆ నవ్వులో కలిసేది. వసంతకు మాత్రం అది నవ్వులాట కాదు.

అఖిల పరీక్ష రాసింది. ఎకనామిక్స్‌లో వెయిటింగ్ లిస్టులో పేరొచ్చింది. పైన ఎవరైనా వద్దనుకుంటే తనకొస్తుంది. ఎదురుచూసే రోజులు ఖాళీగా ఎందుకని హైటెక్ సిటీలో ఒక కంపెనీలో ఆస్పత్రి బిల్లులు కంప్యూటర్లో ఎక్కించే పనిలో చేరింది. అక్కడ ఫోను ఆపి, గుమ్మం దగ్గరి లాకర్లో పెట్టి లోపలికెళ్ళాలి. ఎం.ఏ. అప్లికేషన్లో రెండో నంబరు అడిగితే అమ్మ నంబరు రాసింది. అది రాసిన సంగతి మళ్ళీ ఆమెకే గుర్తులేదు.

ఆ నంబరుకు ఎక్కడెక్కడి నుంచో ఫోన్లు రావడం మొదలైంది. "మేడమ్, మా యూనివర్సిటీలో సీట్లున్నాయి, డొనేషన్ తక్కువ" అని రోజూ ఎవరో ఒకరు. వసంతకు విసుగొచ్చేది.

ఒకనాడు మధ్యాహ్నం ఆఫీసు ప్యాంట్రీలో రుక్కమ్మ కప్పులు కడుగుతోంది, వసంత గట్టు తుడుస్తోంది. ఫోను మోగింది.

"అఖిల గారి అమ్మగారేనా అండి? యూనివర్సిటీ నుంచి మాట్లాడుతున్నాను. మీ అమ్మాయి ఎం.ఏ.కి అప్లై చేసింది కదండీ..."

రుక్కమ్మ నల్లా కట్టేసింది. ఫోనులోని గొంతు ఆ చిన్న గదంతా వినపడింది. వసంత ఫోనును చెవికి అదుముకుంది.

"ఎవలు? మా ఇంట్ల ఎవరూ అప్లై చెయ్యలే."

"ఆ అమ్మాయి ఫోను కలవట్లేదండీ. సీటు విషయం..."

"మాకు ఏ సీటు వద్దు. పిల్ల నౌకరి చేస్తుంది. ఇగ ఫోన్ చెయ్యకు."

"ఎవలే?" అంది రుక్కమ్మ.

"సీట్లు అమ్ముకునేటోళ్ళు. పొద్దున లేస్తే ఇదే లొల్లి."

"నీ బిడ్డ మస్తు సదువుతది గద. సదివియ్యరాదు?"

"యాడి సదువు వదినె, అంతంత మాత్రమే."

"అయితె పట్టుకరా, నాతోని మాప్ కొడతది!" రుక్కమ్మ పకపకా నవ్వింది. వసంత కూడా నవ్వింది. గండం గడిచిందనుకుంది. సాయంత్రం దీపం పెట్టి, "కాపాడినవు తండ్రీ" అని దండం పెట్టుకుంది. ఆ ఫోను మాట ఇంట్లో ఎత్తనైనా లేదు. రోజూ వచ్చేవాటిలో అదొకటి.

కొన్నాళ్ళకు చేరినవాళ్ళ పేర్లు బయటపెట్టారు. వెయిటింగ్ లిస్టులో అఖిల కింద ఉన్న పేరు అందులో ఉంది. అఖిలది లేదు. ఏదో పొరపాటు జరిగిందని ఆమె సెలవు పెట్టి యూనివర్సిటీకి బయల్దేరితే, "నేనూ వస్త" అని వసంత వెంట నడిచింది.

అడ్మిషన్ల గదిలో రామ్మోహనరావు అనే పెద్దమనిషి కంప్యూటర్లో చూసి తలెత్తాడు.

"మీకే ముందు చేశామమ్మా. స్విచాఫ్ వచ్చింది. తర్వాత ఇంటి నంబరుకి నేనే చేశాను. వద్దన్నారండీ."

"ఎవరు వద్దన్నరు సార్?"

"ఎవరో ఆడవాళ్ళు. మా ఇంట్లో ఎవరూ అప్లై చెయ్యలేదు, పిల్ల ఉద్యోగం చేస్తోందన్నారు."

ఆ గొంతు అప్పుడు గుర్తుపట్టింది వసంత.

"నేనే సార్ అన్నది. తప్పు నాది, బిడ్డది గాదు. చదివింది ఆమె, రాసింది ఆమె. నా నోటి మాటకు ఆమెది ఎట్ల తీస్తరు సార్?"

ఆయన కళ్ళద్దాలు తీసి చేతిలో పట్టుకున్నాడు. "నిజమేనమ్మా. కానీ ఆ పిల్ల వచ్చి చేరిపోయింది. విస్తరి ముందు కూర్చున్నదాన్ని లేపమంటారా?"

వసంత లేపమనలేకపోయింది. ఆ పిల్లకూ ఒక తల్లి ఉంటుంది. ఆమె ఎవరికి మొక్కుకుందో.

బయటికొచ్చాక అఖిల మెట్ల మీద కూర్చుంది. తిడుతుందని వసంత ఎదురుచూసింది. తిడితే బాగుండేది.

"ఎవరికి భయపడ్డవమ్మా?" అంది చివరికి.

"రుక్కమ్మ పక్కనే ఉండె బిడ్డా. నీ కోసమే..."

"నా కోసమే" అంది అఖిల. తల్లి మాటను ఒప్పుకున్నట్టుగానే అంది. తర్వాత లేచి చున్నీ దులుపుకుంది. "పా, రెండో షిఫ్ట్‌కన్న అందుకుంట."

ఆ రోజు మొదలు అఖిల ఇంట్లో ఏ పనికీ వెనకాడలేదు, ఒక్క ఎదురుమాట అనలేదు. కానీ ఇంతకుముందు షిఫ్ట్ నుంచి రాగానే వంటగది గడప మీద కూలబడి, ఆఫీసులో ఎవరేమన్నారో అందరి గొంతులూ పట్టి చెప్పే పిల్ల, ఇప్పుడు "తిన్నవా" అంటే "తిన్న" అంటుంది. అంతే.

మళ్ళీ పరీక్షల కాలం వచ్చింది. ఒక ఆదివారం పొద్దున్నే అఖిల తలస్నానం చేసి తయారైంది. ఆదివారం ఆమెకు షిఫ్ట్ లేదు. బ్యాగులో రెండు పెన్నులు పెట్టుకోవడం, నీళ్ళ సీసాకున్న కాగితం గోటితో చింపెయ్యడం వసంత పొయ్యి దగ్గర నుంచి చూసింది. పరీక్ష హాలులోకి కాగితం ఉన్న సీసాను రానివ్వరని, పోయినేడు అఖిలే చెప్పింది.

వేడి ఉప్మా గిన్నెలో వేసి తెచ్చి ముందు పెట్టింది.

"యాడికి బిడ్డా?"

"జర పనుంది."

"నాకన్న చెప్పరాదు. నేనెవరికి చెప్పను."

అఖిల వంగి చెప్పుల పట్టీ సరిచేసుకుంది. చాలాసేపు సరిచేసుకుంది.

"ఏం లేదమ్మా" అని, ఉప్మా రెండు ముద్దలు నిలబడే తిని, తలుపు దగ్గరకు వేసి వెళ్ళిపోయింది.