బల్ల రొట్టె

నెలకోసారి చర్చిలో ప్రభు బల్ల దగ్గర పంచే రొట్టె చేసి పంపడం మా ఇంటి వంతు. పేరు అత్తగారు మరియమ్మగారిది, చేతులు నావి. శనివారం మధ్యాహ్నం గోధుమపిండి రెండుసార్లు జల్లించి, పులియకుండా అప్పటికప్పుడు కలిపి, పెనం మీద మాడకుండా కాల్చాలి. ఒక్క మచ్చ పడినా ఆవిడ ఆ రొట్టె పక్కన పడేస్తారు. "ప్రభువు శరీరం అమ్మాయ్, ఒళ్లు దగ్గర పెట్టుకుని చెయ్యి" అంటారు. చేసేదాన్ని. మర్నాడు చర్చిలో ఆ పళ్లెం వరసవరసకీ తిరిగి, నేను కూర్చునే చివరి చాప దగ్గరికి వచ్చేసరికి వెనక్కి మళ్లేది. ఐదేళ్లుగా అంతే.

పంతొమ్మిది వందల ముప్పై రెండులో ఏలూరు బజారులో విదేశీ బట్టల కొట్టు ముందు పికెటింగు చేసి ఆరు నెలలు రాయవెల్లూరు జైల్లో ఉన్నాను. ప్రభుత్వం నా టీచరు సర్టిఫికెట్టు రద్దు చేసింది. చర్చి సంఘం నన్ను బల్లకు దూరం పెట్టింది, ఆ రొట్టె తీసుకోనివ్వలేదు. ఇంట్లో మాత్రం నన్ను దేనికీ దూరం పెట్టలేదు. తిరిగొచ్చిన సాయంత్రానికే నూతి దగ్గర విడిచిన బట్టల గుట్ట నాకోసం ఎదురుచూస్తోంది. "అక్కడ బాగా విశ్రాంతి దొరికుంటుందిగా" అన్నారు మావారు ప్రసాదరావుగారు, నవ్వుతూనే. నేనూ నవ్వి చేద అందుకున్నాను. జైల్లో నాకు అన్నిటికన్నా ఎక్కువగా గుర్తొచ్చింది ఆ చిన్న రొట్టెముక్కేనని ఆయనకు ఎప్పుడూ చెప్పలేదు.

మొన్న కాంగ్రెసు మంత్రివర్గం వచ్చాక నా సర్టిఫికెట్టు తిరిగి ఇచ్చారు. నన్ను క్షమాపణ చెప్పమని అడగలేదు. ముదినేపల్లి ఆడపిల్లల స్కూల్లో టీచరు కావాలని కూడా తెలిసింది. ఇవాళ శనివారం. పొద్దున మావారితో ఆ మాట చెబితే, "సంతోషం. మరి సంఘం సంగతీ తేల్చేసుకో" అన్నారు. ఆయన పనిచేసే మిషన్ స్కూల్లో హెడ్మాష్టరు ఉద్యోగం ఖాళీ అవుతోంది, అది ఎవరికివ్వాలో సంఘం పెద్దల ఇష్టం.

"రేపు అందరి ముందూ లేచి, తప్పు చేశాను, క్షమించండి అను. రెండు ముక్కలు. పాస్టరయ్యగారితో మాట్లాడొచ్చాను."

"ఏం తప్పండీ?"

"మళ్లీ మొదలెట్టకు. నా పొజిషన్ ఆలోచించు."

"సర్కారే అడగలేదు కదండీ."

"సర్కార్లు మారతాయి ప్రభావతీ. మనం బతకాల్సింది వీళ్ల మధ్యనే." ఖాళీ కాఫీ గ్లాసు నా చేతికిచ్చి వెళ్లిపోయారు.

మధ్యాహ్నం రొట్టెకు పిండి జల్లించాను. నీళ్లు పొయ్యబోయి ఆగాను. చేతులు చూసుకున్నాను. చాలా అలసటగా అనిపించింది.

సాయంత్రం పాస్టరుగారి భార్య లిడియమ్మగారు పళ్లెం తీసుకుని వచ్చారు. "రొట్టె ఇచ్చెయ్ అమ్మాయ్" అని అరుగు మీంచి అత్తగారు కేకేశారు.

"చెయ్యలేదండీ."

"వంట్లో బాగోలేదామ్మా?" అన్నారు లిడియమ్మగారు.

"బాగానే ఉందండీ. తప్పు చేసిన చేతులు కదా. ఐదేళ్లూ వీటితోనే రొట్టె చేస్తున్నా ఆ సంగతి ఎవరికీ గుర్తు రాలేదు, నాకూ రాలేదు."

ఆవిడ ఇబ్బందిగా నవ్వారు. "రేపు ఒప్పేసుకుంటున్నావటగా. ఇవాళ చేస్తే ఏముందమ్మా?"

"ఒప్పుకోవడం లేదండీ."

అత్తగారు ఎందుకని అడగలేదు. "అయ్యో, ఇంత పొద్దుపోయాక ఇప్పుడెవరు చేస్తారే?" అన్నారు.

"జల్లించి ఉంచానండీ" అని పిండిగిన్నె తెచ్చి ఆవిడ పక్కన పెట్టాను.

లోపలికొచ్చి ట్రంకుపెట్టె కిందికి దించాను. సోమవారం ముదినేపల్లి బస్సు ఎన్నింటికో మావారిని అడగాలనుకున్నాను. మళ్లీ, నేనే వెళ్లి కనుక్కుంటానులే అనుకున్నాను.