కుడికి లాగే రంపం

“ఊరికే వెళ్ళి ఆ రెండు రోజులూ కూర్చుని రా. నిన్నేం నిజంగా చెట్లు కొట్టమనరులే,” అన్నాడు భర్త, బూట్ల లేసులు కట్టుకుంటూ.

ఆమె అప్పటికి వంటింటి వెనక మెట్టు మీద కూర్చుని, మోటారు రంపం ఒళ్ళో పెట్టుకుని, సన్నటి ఆకురాయితో చైను పళ్ళు ఒక్కొక్కటే రుద్దుతోంది. ఒక చెవి పొయ్యి మీద గిన్నె పొంగుతోందేమో వింటోంది, రెండో చెవి అతని మాట వింటోంది. రంపం అతనిది, గోళ్ళ సందుల్లో ఇరుక్కున్న నల్లటి జిడ్డు ఆమెది. ఇంట్లో గిన్నెలు ఎవరు తోమాలని ఎవరూ అడగనట్టే, రంపం పళ్ళు ఎవరు రుద్దాలని కూడా ఏనాడూ ఎవరూ అడగలేదు.

నిజానికి ఇద్దరూ ఒకే శిక్షణలో పక్కపక్కన నిలబడి రంపం పట్టడం నేర్చుకున్నారు. సర్టిఫికెట్లు ఒకే రోజు అందుకున్నారు. ప్రేమ కూడా ఆ రంపపు పొట్టులోనే పుట్టింది. “నీ చేతి గాటు చూస్తే ముచ్చటేస్తుంది,” అనేవాడు. పాప పుట్టాక, “ఓ రెండు నెలలు రంపం జోలికి పోకు,” అన్నాడు. ప్రేమగానే అన్నాడు పాపం. పాప బడికి వెళ్ళే ఈడుకొచ్చింది గానీ ఆ రెండు నెలలు మాత్రం అవలేదు. అతను చెట్టు కొడతాడు. ఆమె తాడు పట్టుకుంటుంది, పడ్డ కొమ్మలు ఈడ్చి బండికెక్కిస్తుంది, ఇంటికొచ్చి వంట చేస్తుంది. సర్టిఫికెట్టు గడువు దాటిపోతోందంటే, “కొమ్మలు లాగడానికి సర్టిఫికెట్టు దేనికే?” అన్నాడు. అత్తగారైతే, “మొగుడూ పెళ్ళాలిద్దరూ చెట్టెక్కి కూర్చుంటే పొయ్యెవరు ముట్టిస్తారమ్మాయ్?” అని ఇరుగుపొరుగు వాళ్ళని కూడా నవ్వించింది. వాళ్ళతో పాటు ఆమె కూడా నవ్వింది. తనెందుకు నవ్విందో ఇప్పటికీ ఆమెకి మింగుడుపడదు.

ఇప్పుడు ఉన్నట్టుండి ఆ సర్టిఫికెట్టు మీద అతనికి మమకారం పుట్టుకొచ్చింది. కారణముంది. పార్కుల ఆఫీసు వాళ్ళు కొత్త రూలు పెట్టారు. పని జరిగే ప్రతిచోటా గడువు దాటని సర్టిఫికెట్టున్నవాళ్ళు ఇద్దరుండాలి. కొట్టేవాళ్ళకేమన్నా అయితే రెండోవాళ్ళు రంపం అందుకోగలగాలి. అలా లేకపోతే పని ఇవ్వరు. ఆమె సర్టిఫికెట్టు గడువు పెంచాలంటే రెండు రోజుల శిక్షణకి వెళ్ళి, చివర పరీక్ష పాసవ్వాలి. “పేరుకే కదా,” అన్నాడతను. ఆమె లెక్క వేరు. ఈసారి గట్టెక్కితే మళ్ళీ రంపం పట్టొచ్చు. గట్టెక్కకపోతే, “నీ వల్ల కాదని నాకు ముందే తెలుసు,” అనే మాటని బతికినన్నాళ్ళూ కొమ్మలతో పాటు ఈడ్చుకుంటూ తిరగాలి.

శిక్షణ ఇచ్చేది ఒక పెద్దావిడ. నెరిసిన జుట్టు పొట్టిగా కత్తిరించుకుని, ఎండకి కమిలిన మొహంతో, నవ్వితే పొదుపుగా నవ్వే మనిషి. మొదటి రోజు సాఫీగా గడిచింది. బ్రేకు ఎప్పుడు వెయ్యాలి, రంపం మొన తగిలి వెనక్కి తన్నితే ఏం చెయ్యాలి, ఎక్కడ నిలబడాలి, అన్నీ ఆమె ఒంటికి గుర్తున్నాయి. రెండో రోజు ఎవరి రంపం వాళ్ళు తెచ్చుకుని, దుంగని అడ్డంగా బిళ్ళలుగా కొయ్యమన్నారు. ఆమె ఇంట్లో ఉన్న ఒకే ఒక్క రంపం తీసుకెళ్ళింది. ఆ రోజుకి అతను పని మానుకున్నాడు, ఆ మాట ఇంటిల్లిపాదికీ వినిపించేలా చెప్పాడు కూడా.

తిన్నగా మొదలైన గాటు సగానికి వచ్చేసరికి కుడికి తిరిగింది. బిళ్ళ ఒక పక్క మందంగా, ఒక పక్క రేకులా ఊడి పడింది. రెండోసారీ అంతే. పక్కనున్నతను, “స్టీరింగు కాస్త ఎడమకి తిప్పండి మేడం,” అన్నాడు. నలుగురూ నవ్వారు. ఈసారి ఆమె నవ్వలేదు. ‘మర్చిపోయాను. చెయ్యి చచ్చిపోయింది. ఆయన అన్నదే నిజం,’ అనుకుంటుంటే కళ్ళద్దాల వెనక కళ్ళు మసకబారాయి.

పెద్దావిడ వచ్చి, రంపం ఆపించి, చైను మీద బొటనవేలు ఆనించి చూసింది. “ఈ పళ్ళు ఎవరు రుద్దారు?”

“నేనేనమ్మా.”

“పనితనం బాగుంది. కానీ ఎడమ పళ్ళు పొట్టిగా అరిగాయి, కుడివి పొడుగ్గా ఉన్నాయి. కుడికి లాగక ఏం చేస్తుంది? కోసేటప్పుడు ఎడమకి ఒరిగే మనిషికి సరిపోయేలా రుద్దావు దీన్ని. ఎవరమ్మా ఆ మనిషి?”

ప్రతి సాయంత్రం భర్త రంపం ఆమె ముందు పెట్టి, “ఇవాళ కూడా ఎడమకి పోయింది. ఏం రుద్దుతున్నావో ఏంటో,” అనేవాడు. ఆమె తప్పు తనదే అనుకుని ఎడమ పళ్ళు మరికాస్త రుద్దేది. మర్నాడు గాటు తిన్నగా వచ్చేది, తన చెయ్యి తిరిగిందని అతను మురిసిపోయేవాడు. అతని ఒంటి ఒరుగుడంతా ఇన్నేళ్ళూ ఆమె ఆకురాయి మోసింది. రంపం ఒక్కటేనా? అత్తగారి కోపానికి తగ్గట్టు గొంతు, అతని నిద్రకి తగ్గట్టు అడుగులు, ఎవరెటు ఒరిగితే అటు తననే అరగదీసుకుంటూ వచ్చింది. ఆమెకి ఏడుపొచ్చింది, దాని వెనకే కోపమొచ్చింది. కోపం రావడం ఎంత హాయిగా ఉందో ఆమెకే ఆశ్చర్యం వేసింది.

“ఇప్పుడు నీ చేతికి రుద్దుకో. పరీక్ష చెట్టు ఎక్కడికీ పారిపోదులే,” అంది పెద్దావిడ.

మోడు మీద కూర్చుని కుడి పళ్ళన్నిటినీ ఎడమ వాటి పొడవుకి తెచ్చింది. తర్వాత తనకిచ్చిన చెట్టు దగ్గర నిలబడి, పడాల్సిన వైపు చూసుకుని ముందు గాటు పెట్టింది. వెనక గాటు పెట్టి, మధ్యలో కలప కీలులా సమంగా మిగిల్చింది. చెట్టు ఒక్క క్షణం ఆలోచించి, చెప్పిన చోటుకి ఒద్దికగా వాలింది. పొట్టు వాసన గుప్పుమంది. పెద్దావిడ, “పాస్,” అని ఒక్క ముక్క అనేసి పక్క చెట్టు దగ్గరికి వెళ్ళిపోయింది. ఆమెకి మాత్రం ఎగిరి గంతెయ్యాలనిపించింది.

ఇంటికొచ్చాక అతను సర్టిఫికెట్టు చూసి, “హమ్మయ్య, పని మనదే,” అన్నాడు. రంపం సంగతి అడగలేదు. ఆమె కూడా చెప్పలేదు. పాత వంకరకి మళ్ళీ అరగదీయడం ఇంకా ఆమె చేతిలోనే ఉంది, ఒక పూట పని. పొద్దున్నే లేచి ఆకురాయి దులిపి సంచిలో పడేసింది. చైను ముట్టుకోలేదు.

పార్కులో దారికడ్డంగా పడిన పెద్ద మానుని ముక్కలు చెయ్యాలి. అతను రంపం పెట్టాడు. గాటు ఎడమకి జారింది. మళ్ళీ పెట్టాడు. మళ్ళీ జారింది. పార్కు కాపలాదారు చూస్తుండగానే, “ఏం రుద్దావే దీన్ని? ఎడమకి లాగేస్తోంది!” అని అరిచాడు.

“రంపం తిన్నగానే ఉందండీ. మీరే ఎడమకి ఒరుగుతున్నారు.”

ఉన్నమాటంటే ఉలుకెక్కువ. అతని మొహం ఎర్రబడింది. “అంత తిన్నగా ఉంటే నువ్వే కొయ్యి!” అని బ్రేకు వేసి రంపం కింద పెట్టాడు. ఆమె బతిమాలుతుందనుకున్నాడేమో.

ఆమె హెల్మెట్ బిగించుకుని, కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడి, మీట నొక్కింది. రంపం మానులోకి తిన్నగా దిగిపోయింది. ముక్క దొర్లి పడింది. కాపలాదారు వంగి, నున్నటి కోతని అరచేత్తో నిమిరి, “భలే!” అన్నాడు. రెండో ముక్క, మూడో ముక్క. భుజాలు నొప్పెడుతున్నాయి. ఎన్నాళ్ళకి ఈ నొప్పి, అనుకుంది ఆమె, లోపల్లోపల పొంగిపోతూ.

నాలుగో గాటు దగ్గర ఆగి, ఇంజను ఆపి, కళ్ళద్దాలు పైకి జరిపింది.

“ఏవండీ, ఆ కొమ్మలు కాస్త లాగెయ్యండి. కాళ్ళకి అడ్డం పడుతున్నాయి.”

ఎవరితో అంటోందా అని అతను చుట్టూ చూశాడు. అక్కడ ఆమెకి ఇంకో మొగుడెవరూ లేరు.