పెద్దవాళ్ళు పెట్టేదాకా

ఉద్యోగంలో చేరిన వారానికే స్వర్ణలతకు బల్ల మీది నల్ల ఫోనంటే హడలు పట్టుకుంది. అది మోగితే చాలు, కుర్చీలో ఉలిక్కిపడేది. పోనీ మోగకుండా ఉంటుందా అంటే, మోగినప్పుడు ఎత్తడమే ఆమె ఉద్యోగమాయె.

మారేడ్‌పల్లిలో చెవి డాక్టరు హేమచంద్ర క్లినిక్ అది. వచ్చిన ఫోన్లను లోపలి గదులకు కలపాలి. నలభై మూడేళ్ళ వయసులో ఆమెకు ఇదే మొదటి ఉద్యోగం. ఇళ్ళకు రంగులేసే భర్త రాజేందర్ నిచ్చెన మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఇప్పుడు ఈ కుర్చీ ఉంటేనే ఇల్లు నడిచేది.

మేనేజర్ హరికిషన్ మొదటిరోజే రెండు నిమిషాల్లో పాఠం ముగించాడు. "ట్రాన్స్‌ఫర్ బటన్ నొక్కాలె, గది నంబర్ కొట్టాలె, వాళ్ళు ఎత్తంగనే ఎవరు లైన్ల ఉన్నరో చెప్పాలె. గంతే అమ్మా, ఇందుల పరేషాన్ అయ్యేదేం లేదు."

ఆయన చెప్పినవన్నీ ఆమె పొల్లుపోకుండా చేసేది. అయినా ఫోన్లు కలిసేవి కావు. లోపలివాళ్ళు హలో హలో అని విసుక్కుని పెట్టేసేవాళ్ళు. అవతలివాళ్ళకు పాట మోగుతూనే ఉండేది. మళ్ళీ ఎవరినైనా అడుగుదామంటే సిగ్గు. రెండు నిమిషాల పాఠం రెండోసారి చెప్పించుకుంటే ఏమనుకుంటారు?

మంగళవారం ఏ.ఎస్. రావు నగర్ నుంచి జకర్యాగారనే పెద్దాయన బస్సెక్కి మరీ వచ్చి హరికిషన్ ముందు నిలబడ్డాడు. "నాకు వినిపించదని చెవికి మిషన్ పెట్టించుకున్నాను. అది పాడైందని ఫోన్ చేస్తే పావుగంట పాట వినిపిస్తారా? వేళాకోళంగా ఉందా?"

ఆయన వెళ్ళాక హరికిషన్ ఆమె వైపు చూడకుండానే అన్నాడు. "శనివారం దాకా చూస్త అమ్మా. అప్పటికి కూడా గిట్లనే అయితే వేరేవాళ్ళను చూసుకోవాల్సి వస్తది."

మధ్యాహ్నం అందరూ అన్నాలకు లేచారు. ఆమెకు టిఫిన్ డబ్బా తెరవబుద్ధి కాలేదు. ఫోను కుడిపక్కన పది బటన్లు వరుసగా ఉన్నాయి. తొమ్మిదింటి పక్కన పేర్లు రాసిన చీటీలు, చివరిదాని పక్కన మాత్రం ఉత్త చీటీ. పేరు లేని బటన్ కదా, నొక్కితే ఏం పోతుందిలే అనుకుని, రిసీవర్ ఎత్తి నొక్కి చూసింది. అవతల గంట మోగింది. పెట్టేద్దామనుకునే లోపే ఎవరో ఎత్తారు.

"హలో! క్లినిక్ నుంచేనా? నేను మేబెల్‌ని. ఏమ్మా, కొత్తగా చేరావా?"

మేబెల్ పేరు స్వర్ణలత విని ఉంది. ఈ కుర్చీలోనే ఇరవై ఏడేళ్ళు కూర్చుని, పోయిన నెలలో రిటైరై, సైనిక్‌పురిలో ఇంట్లో ఉంటోంది. ముక్కూ మొహం తెలియని ఆ గొంతు అంత చల్లగా పలికేసరికి స్వర్ణలతకు ఏడుపు ఆగలేదు. జకర్యాగారి సంగతి, శనివారం సంగతి, అన్నీ చెప్పేసింది.

మేబెల్ ఓపిగ్గా విన్నది. "సరే, ఏడవకు. ఇప్పుడు నన్నే జోయాకి కలుపు. నేనూ చూస్తాను."

జోయా వినికిడి పరీక్షలు చేసే అమ్మాయి, గది నంబర్ పన్నెండు. స్వర్ణలత ట్రాన్స్‌ఫర్ నొక్కి, పన్నెండు కొట్టి, మేబెల్ ఆంటీ లైన్లో ఉన్నారని చెప్పింది. "అరే, జల్దీ ఇయ్యండి!" అంది జోయా సంతోషంగా. స్వర్ణలత రిసీవర్ చెవికి ఆనించుకుని వినయంగా కూర్చుంది. జోయా నాలుగుసార్లు హలో అని, ఐదోసారి విసుగ్గా పెట్టేసింది. లైన్ తిరిగి మేబెల్‌కే కలిసింది.

"జోయా ఎత్తాక నువ్వేం చేశావమ్మా?"

"ఏం చెయ్యలే ఆంటీ. ఫోన్ పట్టుకునే ఉన్న."

"పెట్టెయ్యలేదా?"

"మీరింకా లైన్ల ఉన్నరు గదా! పెద్దోళ్ళు పెట్టకముందు నేనెట్ల పెడత? మా నాయిన చూస్తే ఊకునేటోడు కాదు."

అవతల మేబెల్ నవ్వింది. ఎగతాళి ఇసుమంతైనా లేని నవ్వు.

"నీ మర్యాద బంగారంగానూ! నువ్వు రిసీవర్ పెడితేనే నేను లోపలికి వెళ్తానమ్మా. నువ్వు పట్టుకున్నంతసేపూ నేను గుమ్మంలోనే నిలబడి ఉంటాను. ఇంటికొచ్చిన మనిషిని గుమ్మంలో నిలబెడతావా?"

"అయ్యో, లేదాంటీ!"

"అయితే మళ్ళీ కలుపు. జోయా ఎత్తగానే పేరు చెప్పి, పెట్టెయ్."

ఈసారి స్వర్ణలత పేరు చెప్పి రిసీవర్ పెట్టేసింది. ఫోను మీద జోయా పేరు పక్కన ఎర్రదీపం వెలిగింది, వెలుగుతూనే ఉంది. తలుపు అవతల జోయా పకపకా నవ్వడం వినిపించింది. స్వర్ణలత డబ్బా తెరిచి, చల్లారిన పప్పన్నం కళ్ళు తుడుచుకుంటూ తిన్నది. నాలుగు రోజుల తర్వాత అన్నం రుచి తెలిసింది.

మర్నాటి నుంచి మధ్యాహ్నాలు ఫోన్లో మేబెల్ పాఠాలే. చెయ్యి అడ్డం పెట్టి గుసగుసలాడొద్దు, మ్యూట్ నొక్కు. వాల్యూమ్ బటన్ పెంచితే నీకు గట్టిగా వినిపిస్తుంది గానీ అవతలివాళ్ళకు కాదు. చెవుడున్నవాళ్ళతో అరవకు, మెల్లగా విడమరిచి చెప్పు. స్వర్ణలత ఒక్కటి కూడా మరచిపోలేదు.

శనివారం సాయంత్రం హరికిషన్ వచ్చి బల్ల పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఫోన్ మోగింది. ఎవరో కాదు, జకర్యాగారే. స్వర్ణలత ఒక్కో మాటా విడమరిచి పలికింది, ట్రాన్స్‌ఫర్ నొక్కింది, పన్నెండు కొట్టింది, జోయాకు పేరు చెప్పింది. నాయిన్ని మనసులోనే క్షమించమని అడిగి, రిసీవర్ పెట్టేసింది. ఎర్రదీపం ఆరలేదు.

హరికిషన్ ఆ దీపాన్ని రెండు నిమిషాలు చూశాడు. "సోమవారం నుంచి రిజిస్టర్ల సంతకం పెట్టుండ్రి అమ్మా," అని లోపలికి పోయాడు.

ఆయన అటు పోగానే ఆమె చివరి బటన్ నొక్కింది. "ఆంటీ, ఉద్యోగం నిలవడ్డది! ఈ బటన్ల మీ నంబర్ ఎవరు పెట్టిన్రో గాని, వాళ్ళకు దండం పెడత."

"నేనే పెట్టానమ్మా, వెళ్ళిపోయే రోజున. నేను చేరిన కొత్తలో ఈ కుర్చీలో ఎంత ఏడ్చానో! అడగడానికి ఒక్కరు లేరు. వచ్చేవాళ్ళకి అలా కాకూడదనిపించింది."

"మీ మేలు బతికినన్ని దినాలు మర్చిపోను, ఆంటీ."

"చాల్లే. ఇంటికెళ్ళి మీ ఆయనకి చెప్పు ముందు. ఉంటానమ్మా."

"ఉంట ఆంటీ."

ఇద్దరూ పెట్టలేదు.

"పెట్టమ్మా," అంది మేబెల్. "ఫోన్ చేసినవాళ్ళు పెట్టాకే నేను పెట్టేది. ఇరవై ఏడేళ్ళ అలవాటు."

"ఇప్పుడు మిమ్మల్ని ఎవరికీ కలిపేది లేదు గదా ఆంటీ," అంది స్వర్ణలత. "మీరు పెట్టుండ్రి. అప్పటిదాంక నేను పెట్ట."

హరికిషన్ తాళాలు పట్టుకుని వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఆమె రిసీవర్ చెవికి ఆనించుకుని నవ్వుతూ అలాగే కూర్చుంది.